మీకు తెలుసా? స్పీకర్లు పెరిగితే ఓమ్‌లు తగ్గవచ్చు
ట్రాన్సిస్టర్ గిటార్ ఆంప్లిఫయర్ వెనుక "కనీసం 4 ఓమ్‌లు" అని ఉంటే, అంతకన్నా తక్కువ ఇంపిడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు) ఉన్న స్పీకర్లను తగిలించకూడదని అర్థం. 8 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు, శ్రేణిలో కలిపితే 16 ఓమ్‌లు అవుతాయి. అలాంటి నాలుగు స్పీకర్లను సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లే. అప్పుడు కరెంటు మితిమీరి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. ఓమ్‌లు పెరిగితే ఆ ప్రమాదం లేదు, వాట్లు మాత్రం తగ్గుతాయి. ఆ తేడా చెవికి అనుకున్నంత పెద్దది కాదు: వాట్లు సగమైనా శబ్దం తగ్గేది 3 డెసిబెల్సే. వాల్వ్ ఆంప్లిఫయర్ల తీరు వేరు. స్పీకర్ లేకుండా నడిపితే వాటి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినవచ్చు. ఆంప్లిఫయర్ ఏదైనా, గిటార్‌కు వాడే సన్నని కేబుల్‌ను స్పీకర్‌కు ఎన్నడూ వాడకండి.