మెడకు కాదు, భుజానికి!

పొద్దంతా కీబోర్డు కొట్టే చేతులతో ఈ మధ్య రాత్రిళ్లు గొర్రె బొచ్చు రుద్దుతున్నా. నవ్వకండి! దీన్నే ఫెల్టింగ్ అంటారు. దీనికి మగ్గం అక్కర్లేదు. ఉన్ని పోగులకు కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి సబ్బునీళ్లు చల్లి, చాపలో చుట్టి గంటల తరబడి దొర్లిస్తే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని దళసరి బట్టగా మారతాయి. పట్టుకు ఆ పొలుసులుండవు. అందుకే పలుచటి పట్టుబట్ట మీద ఉన్ని పరుస్తారు. పోగులు సందుల్లోంచి దూరి పట్టును పట్టేస్తాయి. ఉన్ని ముడుచుకున్నకొద్దీ పట్టు ముడతలు పడుతుంది. ఆ ముడతలే అందం.

నేనుండేది నిజామాబాద్‌లో. సొంతూరు బోధన్ దగ్గర. తాతకు దక్కనీ నల్లగొర్రెలుండేవి. ఆ ఉన్నితో కురుమలు గొంగడి నేసి, చింతగింజల గంజి పట్టించేవారు. ఇప్పుడు మందల్లో ఎక్కువగా ఉన్నిలేని నెల్లూరు జాతే. మిగిలిన నల్లగొర్రెల బొచ్చు అమ్మితే కత్తిరింపు కూలి కూడా రాదని బాబాయి పారబోస్తున్నాడు. ఓ సంచెడు అడిగి తెచ్చుకున్నా.

అమ్మ పాత పట్టు చున్నీతో కలిపి స్కార్ఫ్ చేశా. పది నిమిషాలకే మెడంతా దురద! మన ఉన్ని ముతక. స్కార్ఫుకు మెరినో లాంటి సన్న ఉన్ని కావాలి. నాయినమ్మ తడిమి చూసి, “గొంగడి మెడకు కాదు బిడ్డా, భుజానికి” అంది.

ఆ మాట పట్టుకుని సంచి చేశా. రోజూ అందులోనే ల్యాప్‌టాప్ మోస్తున్నా. ఒక్క సంచితో పోయిన మందలు తిరిగిరావు. కానీ ఈసారి బాబాయి బొచ్చు పారబోయలేదు. “వచ్చి తీస్కపో” అని ఫోన్ చేశాడు.