పులి ఇంటి మీదుగా మల్లన్న దగ్గరికి

శ్రీశైలం, మహానంది, అహోబిలం... మూడూ నల్లమల గుడులే. దర్శనం టికెట్టుతో పాటు అడవి మర్యాద కూడా వెంట తీసుకెళ్లాల్సిన ప్రయాణం ఇది.

కెన్యాలోని మసాయ్ మారా చూడ్డానికి బయల్దేరే హైదరాబాద్ కుటుంబం ఎంత బుద్ధిగా తయారవుతుందో! ప్రయాణానికి పది రోజుల ముందే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వెళ్లి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంటుంది. ఆ పసుపుపచ్చ కార్డును పాస్‌పోర్టుతో కలిపి భద్రంగా దాచుకుంటుంది. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధమని తెలిసి, సూట్‌కేసులోంచి క్యారీబ్యాగులన్నీ ఏరి పారేస్తుంది. అక్కడ జీపు దిగొద్దంటే దిగదు. పొద్దుగూకేలోపు గేటు బయట ఉండాలంటే ఉంటుంది.

అదే కుటుంబం శ్రీశైలం వెళ్తే? శనివారం సుష్టుగా భోంచేసి, ఓ కునుకు తీసి, సాయంత్రం ఆరున్నరకు తీరిగ్గా కారెక్కుతుంది. మన్ననూరు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, చెక్‌పోస్టు గేటు పడిపోయి ఉంటుంది. ‘గుడికే కదండీ వెళ్తున్నది, వదిలేయండి’ అంటూ ఫారెస్టు సిబ్బందితో వాదన మొదలవుతుంది.

ఆ గుడి పులుల అడవి నడిబొడ్డున ఉందన్న సంగతి మనకు అంతగా పట్టదు. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. 1983లో అది ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న అడవి తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది, దక్షిణాన ఉన్నది ఆంధ్రప్రదేశ్‌కు మిగిలింది. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు రెండు అభయారణ్యాలు దాటి మల్లన్న దగ్గరికి చేరుతున్నారన్నమాట. పులికి మాత్రం రాష్ట్ర సరిహద్దుతో పనిలేదు, ఏటికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ దానివే.

మన పెద్దలకు ఈ ఎరుక ఉండేది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830లో పరివారంతో కాశీకి బయల్దేరి, దారిలో అహోబిలం, మహానంది చూసుకుని, ఆత్మకూరు మీదుగా నల్లమల ఎక్కి శ్రీశైలం వెళ్లాడు. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ భక్తి పుస్తకంలా కనిపిస్తుంది కానీ, చదివితే పక్కా ట్రావెల్ గైడు. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఏ దారి రాళ్లమయం, యాత్రికుల దగ్గర పన్ను ఎవరు గుంజుతున్నారు... అన్నీ రాసిపెట్టాడు. గూగుల్ మ్యాప్ చేతిలో పెట్టుకుని కూడా మనం అడగని ప్రశ్నలు ఆయన పల్లకీలో కూర్చుని అడిగాడు.

గేటు పడకముందే

మొట్టమొదట గుర్తుపెట్టుకోవాల్సింది టైము. మన్ననూరు వైపైనా, దోర్నాల వైపైనా రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి దారిలో వాహనాలను వదలరు. శివరాత్రి లాంటి వేళల్లో సడలిస్తుంటారు, అది మినహాయింపే. రాత్రిపూట రోడ్డు జంతువులది. హైదరాబాద్ నుంచి కారులో వెళ్లేవాళ్లు మధ్యాహ్నం రెండుకల్లా ఊరు దాటితే సాయంత్రం వెలుగులోనే ఘాట్ దిగి, డ్యామ్ దాటి కొండెక్కొచ్చు. అది కుదరకపోతే తెల్లవారుజామున బయల్దేరడమే మేలు.

రైల్లో వచ్చేవాళ్లకు గుంటూరు-నంద్యాల మార్గంలోని మార్కాపురం రోడ్ స్టేషన్ దగ్గర. అక్కడి నుంచి దోర్నాల మీదుగా బస్సులుంటాయి. నంద్యాల నుంచైతే ఆత్మకూరు, దోర్నాల చుట్టుకుని దాదాపు 160 కిలోమీటర్లు. మ్యాప్‌లో ఆత్మకూరు, శ్రీశైలం పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. మధ్యలో ఉన్నది కాలిబాట మాత్రమే. నంద్యాల జిల్లాలోని శ్రీశైలానికి జిల్లా కేంద్రం నుంచి నేరుగా వెళ్లే రోడ్డు లేదంటే కొత్తవాళ్లు నమ్మరు.

పెట్రోలు, తాగునీళ్లు, మందులు అడవిలోకి దిగకముందే చూసుకోండి. మన్ననూరు దాటాక చాలాచోట్ల ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. అందుకే రూమ్ బుకింగ్, దర్శనం టికెట్ల ప్రింటు జేబులో పెట్టుకోవడం మంచిది. ఘాట్‌లో కడుపులో తిప్పే పిల్లలుంటే బయల్దేరేముందు పులిహోర తినిపించొద్దు (అనుభవజ్ఞులైన అమ్మలకు ఈ సంగతి చెప్పక్కర్లేదు). వేగం నలభై దాటనివ్వొద్దు.

ఇక కోతులు. రోడ్డు పక్కన కారాపి అరటిపండో బిస్కెట్టో విసిరితే పుణ్యమనుకుంటాం. అలా అలవాటుపడే అవి అడవిలో తిండి వెతుక్కోవడం మానేసి రోడ్డెక్కుతున్నాయి, టైర్ల కింద పడుతున్నాయి. వాటి వెనకే చిరుతలూ రోడ్డు దగ్గరికొస్తాయి. అమ్రాబాద్ పరిధిలో కోతులకు తిండి పెడితే జరిమానా వేస్తారు, ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది, మన్ననూరు దగ్గర పర్యావరణ రుసుము కూడా కట్టాలి. ఆ నాలుగు డబ్బులకు గొణిగేవాళ్లే నైరోబీలో పార్కు ఫీజు డాలర్లలో కట్టొస్తారు.

కొండ మీద

శ్రీశైలంలో గది లేకుండా శని, ఆదివారాలకు, కార్తీక సోమవారాలకు వెళ్లడం దుస్సాహసం. గంగా సదన్, గౌరీ సదన్, మల్లికార్జున సదన్ లాంటి దేవస్థానం వసతులను ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. దేవస్థానం పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి డబ్బు కొట్టేసే మోసాలు జరుగుతున్నాయి కాబట్టి, వెతుకుతుంటే పైన కనిపించిన మొదటి లింకు నొక్కేయకుండా అది అసలుదో కాదో చూసుకోండి. గదికోసం వ్యక్తిగత ఫోన్ నంబరుకు డబ్బు పంపమంటే అది మోసమే. ఇవి కాక కరివేన సత్రం మొదలుకుని దాదాపు ప్రతి సామాజిక వర్గానికీ అక్కడో సత్రం ఉంది. గుడి దగ్గర మనుషుల్ని ఇలా పంచుకోవడం బాగుందని నేననను, కానీ ఆకలితో వచ్చినవాడికి ఆ వీధుల్లో అన్నానికి కొదవ లేదన్నది నిజం.

జ్యోతిర్లింగం, శక్తిపీఠం ఒకే ప్రాంగణంలో ఉన్న క్షేత్రం కాబట్టి రద్దీ ఏడాది పొడవునా ఉంటుంది. మల్లన్నను చేత్తో తాకి దండం పెట్టుకునే స్పర్శ దర్శనం ఇక్కడి ప్రత్యేకత. పండగ రోజుల్లో దాన్ని ఆపేసి అలంకార దర్శనమే ఇస్తారు. కాబట్టి స్పర్శ దర్శనమే ముఖ్యమనుకున్నవాళ్లు పండగలకు రాకపోవడమే తెలివి. మగవాళ్లకు పంచె, ఆడవాళ్లకు చీరో చున్నీతో చుడీదారో తప్పనిసరి. ఫోన్లు లోపలికి రానివ్వరు.

పాతాళగంగకు వందల మెట్లు దిగొచ్చు, రోప్‌వే కూడా ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగడం సులువేనని మోసపోవద్దు, ఎక్కడం గుర్తుంచుకోవాలి. రిజర్వాయర్‌లో నీటిమట్టం మారుతుంటుంది కనుక కిందిమెట్లు పాకుడు పట్టి ఉంటాయి. నదిలో మొసళ్లుంటాయి. గొలుసు దాటి మునగొద్దు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఇక్కడి నుంచి అక్కమహాదేవి గుహలకు పడవలు నడుస్తాయి. పన్నెండో శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి తపస్సు చేసిందని చెప్పే చోటది. కన్నడిగులకు శ్రీశైలం మీద ఉన్న ప్రేమకు ఆమె ఒక కారణం. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచు అనుకుని ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వాళ్లు వేల సంఖ్యలో కాలినడకన వస్తారు. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే దారి వాళ్లది. శివరాత్రికి మనవాళ్లు నడిచేదీ అదే. ఆ రెండు పండగలప్పుడు దారిపొడవునా తాగునీళ్లు, వైద్య శిబిరాలు, తోటి జనం ఉంటారు. మిగతా రోజుల్లో సరదాకి, అనుమతి లేకుండా ఆ బాటలో అడుగుపెట్టడం నేరమూ ప్రమాదమూ.

శివరాత్రి రాత్రి మరో వింత ఉంది. చీరాల ప్రాంతపు దేవాంగ కుటుంబం ఏడాదంతా నేసిన పాగాను, దీపాలన్నీ ఆర్పేసిన చీకట్లో, ఒంటిమీద నూలుపోగు లేకుండా ఆలయ విమానం మీద నుంచి నందుల దాకా చుడతారు. పాగాలంకరణ చూడాలంటే ఆ జనసముద్రంలో గంటల తరబడి నిలబడే ఓపికుండాలి. చిన్నపిల్లలతో అయితే వద్దు.

వానాకాలంలో డ్యామ్ గేట్లెత్తారని టీవీలో చూసి బయల్దేరేవాళ్లకు ఒకమాట. ఆ దృశ్యం చూడదగ్గదే, పన్నెండు గేట్ల మీంచి కృష్ణ దూకుతుంటే మాట పడిపోతుంది. కానీ వారాంతాల్లో ఆ ఘాట్‌లో కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. సఫారీ కోసమైతే వానాకాలం పనికిరాదు. జులై నుంచి సెప్టెంబరు దాకా పులుల అడవిలో పర్యటకులకు సెలవు, అది జంతువులు జతకట్టే కాలం. తర్వాత ఆత్మకూరు పక్కన బైర్లూటి, దోర్నాల దారిలో తుమ్మలబైలు, మన్ననూరు దగ్గర ఫర్హాబాద్‌లలో అటవీశాఖ సఫారీలున్నాయి. పులి కనపడుతుందని ఆశ పెట్టుకోవద్దు. మారాలో గడ్డిమైదానం కాబట్టి సింహం అల్లంత దూరాన దొరుకుతుంది. ఇది చెట్లూ లోయలూ ఉన్న అడవి, పులి మిమ్మల్ని చూస్తుంది, మీరు దాన్ని చూడరు. జింకలు, నెమళ్లు, అదృష్టం ఉంటే ఎలుగుబంటి.

ఎలుగుబంటి శిఖరేశ్వరం దగ్గరా, చిరుత పాతాళగంగ దారిలోనూ కనిపించిన సందర్భాలున్నాయి. 2024 జూన్‌లో నంద్యాల-గిద్దలూరు దారిలోని పచ్చర్ల దగ్గర కట్టెలకు వెళ్లిన ఒక మహిళ చిరుత దాడిలో చనిపోయింది. అదే వేసవిలో మహానంది గుడి పరిసరాల్లో చిరుత తిరిగి భక్తులను భయపెట్టింది. చీకటి పడ్డాక పిల్లల్ని ఒంటరిగా వదలొద్దనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం

శ్రీశైలం, అహోబిలం ఒకే రోజులో కొట్టేద్దామనుకునేవాళ్లు ఎక్కువ. వద్దు. శ్రీశైలం నుంచి ఉదయం బయల్దేరితే ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ దాటి అహోబిలం చేరేసరికే మధ్యాహ్నం దాటుతుంది, గుడి తలుపులు మూసి ఉంటాయి. ఆ రాత్రి నంద్యాలలో ఆగండి. పొద్దున్నే వేడివేడి ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిని మహానంది కోనేట్లో అద్దంలాంటి నీళ్లు చూసి, అప్పుడు దక్షిణానికి కదలండి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఉలి చప్పుళ్లు వినబడితే ఒక్క పది నిమిషాలు ఆగి చూడండి. గుడుల్లో నిలబెట్టే రాతి విగ్రహాలకు పేరున్న ఊరది.

అహోబిలంలో తొమ్మిది నరసింహులున్నారు. దిగువ నుంచి ఎగువకు ఎనిమిది కిలోమీటర్లు రోడ్డుంది. యోగానంద, ఛత్రవట, కారంజ నరసింహులు పెద్దవాళ్లకూ అందుబాటులో ఉంటారు. మాలోల, జ్వాలా నరసింహులకు మాత్రం కొండరాళ్ల మీద నడక, భవనాశిని ఏటి పక్కనే దారి. బూట్లు, చేతికర్ర, లీటరు నీళ్లు లేకుండా ఎక్కొద్దు. నడవలేనివాళ్లను డోలీల్లో మోసే స్థానికులుంటారు. బేరం కింద ఉండగానే తేల్చుకోండి, పైకెళ్లాక మాత్రం వాళ్ల భుజాలు చూసి ఇంకొంత కలిపివ్వండి. పావన నరసింహుడికి జీపులో వెళ్లొచ్చు, నడుములు విరిగే దారి. ఉగ్రస్తంభం ఎక్కడం యాత్ర కాదు, పర్వతారోహణ. వానొస్తే భవనాశిని క్షణాల్లో పొంగుతుంది, జ్వాలా నరసింహుడి దారిని ఆ రోజుకు మరిచిపోండి. ఎండాకాలం నంద్యాల జిల్లాలో 45 డిగ్రీలు మామూలే కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో నడకలు పదిలోపు ముగించాలి. సాయంత్రానికి అందరూ దిగిపోవాల్సిందే.

ఈ అడవి అంతటికీ అసలు గృహస్థులు చెంచులు. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడినవాడు, మల్లన్నను చెంచులు అల్లుడంటారు. సంక్రాంతి తర్వాత పార్వేట ఉత్సవంలో నరసింహుడి పల్లకి నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి పెళ్లికి పిలుస్తుంది. ఇంత చుట్టరికం ఉన్నా, చెంచు గూడేల్లోకి కారెక్కి వెళ్లి పిల్లల చేతికి చాక్లెట్లిచ్చి ఫొటోలు దిగే అలవాటు మనకు పోలేదు. కెన్యాలో మసాయ్ పల్లెకు వెళ్తే గైడు ముందు పెద్దమనిషిని అడగమంటాడు. ఇక్కడ చెప్పేవాడు లేడని హద్దు దాటేస్తున్నాం. వాళ్లకు నిజంగా మేలు చేయాలనుంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో వాళ్లు తెచ్చిన తేనె కొనండి, బైర్లూటిలో చెంచు గైడును పెట్టుకుని అతను చెప్పింది వినండి.

ఎప్పుడు వెళ్లాలంటారా? మొదటిసారి వెళ్లేవాళ్లకు శివరాత్రి, ఉగాది, కార్తీక సోమవారాలు వద్దు. కార్తీకం వెళ్లాక డిసెంబరు రెండో వారం నుంచి సంక్రాంతి లోపు, సెలవులు లేని పనిదినాలు చూసుకోండి. కనీసం మూడు రాత్రులు కేటాయించండి, రెండు శ్రీశైలంలో, ఒకటి నంద్యాలలోనో అహోబిలంలోనో. స్వెట్టరు మరిచిపోకండి, డిసెంబరులో కొండ మీద చలి బాగా ఉంటుంది.