ఆ పైకప్పు మీద అలలెందుకు?

అమెరికాలో ఉన్న అత్తయ్యో బాబాయో వీడియో కాల్‌లో ఇల్లు చూపించినప్పుడు పైకప్పు గమనించారా? మన డాబాలా ఉండదు. వాలుగా ఉంటుంది. దాని మీద చేప పొలుసుల్లా ఒకదానిపై ఒకటి పరిచినవే షింగిల్స్. గాజునార పొరకు తారు పట్టించి, పైన సన్నటి రాతి పలుకులు అద్దుతారు. కొన్ని ఇళ్లమీద ఇవి చదునుగా ఉండక అలలు అలలుగా ఉబ్బి కనిపిస్తాయి.

తప్పు చాలాసార్లు షింగిల్‌ది కాదు, కిందున్న చెక్కది. అక్కడ సిమెంటు స్లాబు ఉండదు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న ప్లైవుడ్ లాంటి పలకల్ని వాసాలకు మేకులతో బిగిస్తారు. చెక్క తేమ పీలిస్తే ఉబ్బుతుంది కదా! అందుకే పలకకూ పలకకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. వదలకపోతే, ఉబ్బిన అంచులు ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేస్తాయి. మీదున్న షింగిల్ కూడా వాటితోపాటే లేస్తుంది. అలలు తిన్నగా, పలకల అతుకుల వెంబడే ఉంటే ముందు దీన్నే అనుమానించాలి.

మరి తేమ ఎక్కణ్ణుంచి? వానొక్కటే కాదు. వంట ఆవిరి, వేన్నీళ్ల స్నానాల ఆవిరి అటకలోకి చేరి, చలికాలంలో చల్లటి పలకల అడుగున నీటిబొట్లుగా మారుతుంది. చూరు కింద, కొప్పు దగ్గర గాలి ఆడే సందులుంటే ఆ ఆవిరి బయటికి పోతుంది.

షింగిల్స్ కింద పరిచే తారు కాగితం తడిసినా ముడతలు పడుతుంది. కొత్త కప్పు మీది చిన్న అలలు కొన్నాళ్ల ఎండకు తారు మెత్తబడి వాటంతటవే సర్దుకోవచ్చు. పలకలే లేస్తే మాత్రం ఎండ ఏమీ చేయలేదు. షింగిల్స్ తీసి, రంపంతో సందు కోసి, మళ్లీ పరవాల్సిందే.