శ్రుతియా? శృతియా?

హైదరాబాదులో చిక్కడపల్లి త్యాగరాయ గానసభవంటి చోట్ల కచేరీకి ముందు తంబురను సవరించుకొంటారు. దీనినే శ్రుతి చేయడం అంటారు. సమీపంలోని నారాయణగూడ, అశోక్‌నగర్ పాఠశాలలలో ధ్వనిపాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయుడు చేతికి తీసుకొనేది శ్రుతిదండం. రెండుచోట్లా మాట ఒకటే. కాని వ్రాయవలసి వచ్చినపుడు చాలమంది "శృతి" అని వ్రాస్తారు. ఏది సరియైనది?

సంస్కృతంలో "శ్రు" ధాతువుకు వినడం అని అర్థం. దానికి "తి" చేరి శ్రుతి అయినది. "స్తు" నుండి స్తుతి వచ్చిన విధమే ఇది. స్మృతి, కృతి అనే మాటలలో ధాతువులు "స్మృ", "కృ". కనుక అక్కడ ఋకారం సహజమే. సందేహం కలిగితే సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. ధాతువులోని ఋకారం గుణం పొందితే "అర్" అవుతుంది: స్మృతి–స్మరణ, కృతి–కరణం. ఉకారమైతే "ఓ" లేక "అవ్" అవుతుంది: శ్రుతి–శ్రోత, శ్రవణం. వినేవానిని శ్రోత అంటున్నాము గనుక ధాతువు "శ్రు", మాట శ్రుతి.

గురుముఖాన విని నేర్చినది గనుక వేదానికి శ్రుతి అని పేరు. సంగీతశాస్త్రంలోనైతే చెవి విడిగా గుర్తింపగల నాదభేదం శ్రుతి. భరతుని నాట్యశాస్త్రం సప్తకానికి 22 శ్రుతులు చెప్పినది: స 4, రి 3, గ 2, మ 4, ప 4, ధ 3, ని 2. వీటిని నిరూపించడానికి 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో 22 తంత్రుల వీణను వర్ణించాడు. ప్రతి తంత్రీ ముందుదానికంటె కొంచెమే హెచ్చుగా మ్రోగవలెను. ఆ రెండింటి నడుమ మరొక నాదానికి చోటుండరాదు. ఇక్కడ కొలబద్ద చెవియే.

తరువాత పాటకు ఆధారమైన షడ్జమాన్నే శ్రుతి అనడం అలవాటయినది. తంబురలోని సారణి తంత్రులు రెండూ ఈ షడ్జమాన్నే పలుకవలెను. ఒకటి సెకనుకు 240, రెండవది 242 సార్లు కంపిస్తే నాదం సెకనుకు రెండుమార్లు హెచ్చి తగ్గుతుంది. వీటినే విస్పందనాలు అంటారు. పూసలు జరిపి సవరించినకొద్దీ ఈ హెచ్చుతగ్గులు నిదానించి, రెండు పౌనఃపున్యాలు సమానం కాగానే మాయమవుతాయి. అప్పుడు శ్రుతి కలిసినదంటారు.

తరగతిలో దీనిని చూపవచ్చును. ఒకే పౌనఃపున్యం గల రెండు శ్రుతిదండాలను తీసుకొని, ఒకదాని భుజానికి కొంచెం మైనం అంటించి, రెండింటినీ ఒక్కసారి మ్రోగించండి. మైనం బరువువల్ల ఆ దండం పౌనఃపున్యం తగ్గి విస్పందనాలు వినబడతాయి. మైనం తీసివేస్తే పోతాయి. పౌనఃపున్యాన్ని పరికరం కొలుస్తుంది. రెండు నాదాలు కలిసినవో లేదో విద్యార్థి వినియే చెప్పగలడు. ఆ వినడమే శ్రుతి అనే మాటలో ఉన్నది.