నీళ్ళల్లోకి దింపే చెయ్యి

సాగర్ కాలువకు నీళ్ళు వదిలారంటే మన మిర్యాలగూడ, కోదాడ వైపు పల్లెల్లో పండగే కదండీ! నారుమళ్ళు, నాట్లు, ఊరంతా పచ్చదనం. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ ఎడమ కాలువ చలవే ఇవాళ మన కంచాల్లో అన్నం, మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం. సూర్యాపేట వాళ్ళకైతే మూసీ ప్రాజెక్టు కూడా దగ్గరే.

ఇన్ని నీళ్ళ మధ్య కాపురాలు చేస్తున్నాం. మరి ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. మీకు ఈత వచ్చా? పోనీ, మీ అమ్మాయికి వచ్చా?

మీవారికి వచ్చే ఉంటుంది. చిన్నప్పుడు ఏ మోటబావిలోనో వాళ్ళ నాన్నో మేనమామో నడుముకి పాత చీర కట్టి, వీపుకి బెండ్లు కట్టి నీళ్ళల్లోకి తోసి ఉంటారు. నాలుగు గుటకలు మింగి, అయిదో రోజుకి ఈత వచ్చేసి ఉంటుంది. మన సంగతి వేరు. తొమ్మిదో పదో ఏడు వచ్చేసరికి "చాల్లే, పెద్దదానివవుతున్నావు, గట్టుమీద కూర్చో" అన్నారు. కూర్చున్నాం. ఇప్పటికీ గట్టుమీదే ఉన్నాం. బట్టలు ఉతికేది మనం, బిందె ముంచేది మనం, బతుకమ్మను నీళ్ళల్లో వదిలేది మనం. కాలు జారితే ఒడ్డుకు రావడం తెలియనిదీ మనమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తంమీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి పోయారు. అందులో చిన్నపిల్లలు చాలామంది. అందుకే ఐక్యరాజ్యసమితి ఏటా జులై 25ను దీనికోసం ప్రత్యేకంగా కేటాయించింది.

"నేర్పిద్దామనే ఉందమ్మా, కానీ నేర్పే ఆడమనిషి ఏదీ?" అంటారా? అసలు ప్రశ్న అదే. ఆడపిల్లలకు ఈత నేర్పడమే జీవితంగా పెట్టుకున్న ఒకామె కథ చెబుతాను. అమెరికా కథే గానీ, అందులో మన ఇంటికి పనికొచ్చే మంచీ ఉంది, చెడూ ఉంది.

పదిమందిలో పెద్దది

ఆమె పేరు టెరీ మెకీవర్. తండ్రి పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. టెరీ పసిపిల్లగా ఉండగానే కారు ప్రమాదంలో దెబ్బతిని, నెలల తరబడి స్పృహ లేకుండా ఉండి, 1967లో చనిపోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఇంట్లో పదిమంది పిల్లలు, అందరిలోకీ టెరీయే పెద్దది. పెద్దకూతురంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ఒకరికి జడ, ఒకరికి అన్నం, ఒకరికి హోంవర్కు!

ఆమె కాలేజీలో ఈతగత్తెగా పేరు తెచ్చుకుని, తర్వాత కోచ్ అయింది. ఆమె అదృష్టం ఏమిటంటే, ఆడపిల్లలకు కూడా కాలేజీ ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాలని అమెరికాలో 1972లో చట్టం వచ్చింది. ఆ దేశపు కాలేజీల పెద్ద క్రీడా సంఘం 1982 నుంచి ఆడపిల్లలకు ఈతపోటీలు పెట్టడం మొదలుపెట్టింది. చట్టం వచ్చాక కొలనులు వచ్చాయి, జట్లు వచ్చాయి, జట్లకు కోచ్‌లు కావలసి వచ్చారు. అయినా ఆ కోచ్‌ల ఉద్యోగాల్లో ఎక్కువ భాగం మగవాళ్ళకే పోయాయి.

టెరీ ముందు ఫ్రెస్నోలోని యూనివర్సిటీలో పనిచేసి, 1992లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకు ప్రధాన కోచ్‌గా చేరింది. 2000లో నటాలీ కాగ్లిన్ అనే అమ్మాయి ఆమె దగ్గరికి వచ్చింది. హైస్కూల్లోనే భుజం దెబ్బతిని, ఈతంటేనే విసిగిపోయిన పిల్ల. అప్పటి పద్ధతేమిటంటే రోజూ మైళ్ళకు మైళ్ళు ఈదించడం. టెరీ ఆ దూరం తగ్గించింది. యోగా, డాన్సు, ఒంటికి పట్టు పెంచే వ్యాయామాలు కలిపింది. నీళ్ళల్లో ఒళ్ళు ఎలా జారాలో, చెయ్యి ఎలా పడాలో, శ్రద్ధ దానిమీద పెట్టింది. మనకు తెలిసిన విషయమే కదా! పప్పు మెత్తబడాలంటే మంట పెంచితే చాలదు, నానబెట్టడం తెలియాలి.

2002లో నటాలీ 100 మీటర్ల వెల్లకిల ఈతను ఒక్క నిమిషంలోపు పూర్తి చేసింది. ప్రపంచంలో ఏ ఆడమనిషీ అంతవరకు ఆ పని చేయలేదు. 2004, 2008, 2012 ఒలింపిక్స్ మూడూ కలిపి ఆమెకు 12 పతకాలు వచ్చాయి. టెరీ జట్టు 2009, 2011, 2012, 2015లలో జాతీయ కాలేజీ ఛాంపియన్ అయింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అమెరికా మహిళా ఈత జట్టుకు టెరీయే ప్రధాన కోచ్. ఆ పదవి ఒక స్త్రీకి దక్కడం అదే మొదటిసారి.

ఇక్కడితో ఆపేస్తే కథ ఎంతో బాగుండేది.

గెలుపు చాలదా?

2022 మే నెలలో అక్కడి ఒక పత్రిక ఆమె దగ్గర ఈదిన అమ్మాయిల మాటలు ప్రచురించింది. ఒకరిద్దరు కాదు, చాలామంది చెప్పారు. అందరి ముందు అరిచేదని, కించపరిచేదని, దెబ్బ తగిలినా ఈదమని ఒత్తిడి చేసేదని, మనసు కుంగిపోయి ఈతే వదిలేశామని. యూనివర్సిటీ ఆమెను సెలవుమీద పంపి విచారణ జరిపించింది. 2023 జనవరి 31న ఉద్యోగంలోంచి తీసేసింది. తాను ఎవరినీ వేధించలేదని టెరీ గట్టిగా ఖండించింది. ఆమె దగ్గర బాగుపడ్డామని చెప్పిన శిష్యురాళ్ళూ ఉన్నారు. కానీ ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం అలా ముగిసింది.

ఈ మాట మీకెందుకు చెబుతున్నానంటే, మనం కూడా "కొట్టయినా తిట్టయినా దారిలో పెట్టండి మాస్టారూ" అని పిల్లల్ని అప్పగించి వచ్చేవాళ్ళమే. క్రమశిక్షణ వేరు, చిన్నబుచ్చడం వేరు. "మోకాలు వంచుతున్నావు, నిటారుగా పెట్టు" అంటే క్రమశిక్షణ. "ఆ ఒళ్ళు చూసుకున్నావా, నీకెందుకే ఈత" అంటే చిన్నబుచ్చడం. మొదటి మాట విన్న పిల్ల మోకాలు సరిచేసుకుంటుంది. రెండో మాట విన్న పిల్ల మర్నాడు కడుపునొప్పి అని పడుకుంటుంది. నేర్పేది ఆడమనిషే కదా అని కళ్ళు మూసుకోకూడదు. అమ్మాయి ఇంటికి రాగానే "ఎన్ని రౌండ్లు కొట్టావు?" అని అడిగే ముందు "ఇవాళ ఎలా ఉందే?" అని అడగండి. జవాబు రాకపోతే మరీ శ్రద్ధగా వినండి. పిల్లల విషయంలో ఏదైనా తేడాగా అనిపిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు.

నలభై దాటాక కూడా

"పిల్లల సంగతి సరే, మాకిప్పుడెందుకు?" అనుకుంటున్నారా? అయితే మన సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల గురించి వినండి. హైదరాబాదులో స్థిరపడి యానిమేషన్ రంగంలో పనిచేసిన ఈమె, నలభై దాటాక ఈతలో దిగారు. పోలీసు అధికారి రాజీవ్ త్రివేది ఆమెకు శిక్షణ ఇచ్చారు. ఆయనా పాక్ జలసంధిని ఈదినవారే. 2021 మార్చి 19న శ్యామల శ్రీలంక తీరం నుంచి ధనుష్కోడి వరకు సుమారు 30 కిలోమీటర్లు 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. అంతకుముందు 2004లో బులా చౌదరి ఆ జలసంధిని ఈదారు. 2025 జనవరి మొదట్లో, 52 ఏళ్ళ వయసులో, శ్యామల విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా సుమారు 150 కిలోమీటర్ల సముద్రం ఈది వచ్చారు.

మనం సముద్రాలు ఈదనక్కర్లేదు. ఒడ్డుకు చేరే పది బారలు వస్తే చాలు!

ఇదీ ఒక ఉద్యోగమే

మీ అమ్మాయి ఆటల్లో చురుకైనదా? అయితే ఈత కోచ్ పని మంచి దారి. డిగ్రీ తర్వాత వ్యాయామ విద్యలో బి.పి.ఇడి., ఎం.పి.ఇడి. చేస్తే స్కూళ్ళు, కాలేజీల్లో అవకాశం ఉంటుంది. పాటియాలాలో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థ కోచ్‌లకు డిప్లొమా ఇస్తుంది. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులు కూడా ఉన్నాయి. "ఆడకోచ్ ఉంటే పంపిస్తాం" అనే తల్లులు ఎంతమందో! ఆ ఎదురుచూపే మీ అమ్మాయికి జీతం కావచ్చు. నలుగురు తల్లులు కలిసి కాలేజీ ప్రిన్సిపాల్ గారినో, మునిసిపల్ కౌన్సిలర్ గారినో ఆడవాళ్ళకు విడిగా వేళ అడిగితే తప్పేముంది?

నేర్పించే ముందు

* కాలువ ఈత నేర్చుకునే చోటు కాదు. పైకి నెమ్మదిగా కనిపించినా లోపల లాగుడు ఉంటుంది. సిమెంటు వాలు పాచిపట్టి జారుతుంది, పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. కొలనులోనే, నేర్పేవాళ్ళు పక్కన ఉండగానే మొదలుపెట్టాలి.

* మొదటి పాఠం చేతులు కొట్టడం కాదు. నీళ్ళల్లో ముఖం పెట్టి బుడగలు వదలడం, తర్వాత తేలడం, ఆ తర్వాత గోడ పట్టుకుని కాళ్ళు ఆడించడం. మొదటిరోజే లోతులోకి తోసే కోచ్ వద్దు.

* నూలు బట్టలు నీళ్ళు పీల్చి బరువెక్కుతాయి. మోకాళ్ళ దాకా, పొడుగు చేతులతో ఉండే ఈతదుస్తులు దొరుకుతున్నాయి. బిడియపడనక్కర్లేదు.

* తలకు నూనె రాసుకుని దిగకూడదు. ముందు మామూలు నీళ్ళతో జుట్టు తడిపి టోపీ పెట్టుకుంటే కొలను మందునీళ్ళు తక్కువ పీలుస్తుంది. బయటికి రాగానే తలారా స్నానం.

* కడుపునిండా తిని దిగవద్దు. ఈదాక ఆకలి దంచేస్తుంది. అరటిపండు, ఉడికించిన గుడ్డు, పల్లీ పట్టీ డబ్బాలో పెట్టి పంపండి.

ఎవరైనా మునుగుతుంటే

ఈత రానివాళ్ళు వెంట దూకవద్దు. మునిగేవాళ్ళు పట్టుకుంటే ఇద్దరూ పోతారు. గట్టిగా కేకవేసి, గట్టుమీద పడుకుని చీర కొంగో, చున్నీనో, తాడో, కర్రో అందించండి. మూత బిగించిన ఖాళీ నూనెడబ్బాగానీ, నీళ్ళ క్యానుగానీ విసరండి, పట్టుకుని తేలతారు. బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. 108కి ఫోన్ చేయించండి. ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి నోట్లోకి గాలి ఊదుతూ, ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కాలి. 30 సార్లు నొక్కితే రెండుసార్లు గాలి ఊదాలి. సాయం వచ్చేదాకా ఆపకండి.

మనల్ని గట్టుమీద కూర్చోమన్నవాళ్ళు మన మంచి కోరే అన్నారు, కాదనను. కానీ నీళ్ళు ఆడా మగా చూడవు. ఈ వేసవి సెలవుల్లో మీ అమ్మాయిని ఈతకు పంపే మాట ఇంట్లో కదపండి. "ఎవరు నేర్పుతారు, ఎలా నేర్పుతారు" అని మీరే వెళ్ళి చూసి రండి. వీలైతే ఒకరోజు మీరు కూడా మెట్లు దిగి, నడుము లోతు నీళ్ళల్లో నిలబడి చూడండి. మొదట ఒణుకు పుడుతుంది. కాసేపటికి అదే పోతుంది.