గుడ్డు వెనుక కోడి

హైదరాబాదు నగరానికి పడమటనున్న చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాలలో కూరగాయల తోటలతోపాటు కోళ్ళఫారాలూ వెలిశాయి. పూర్వం పెరట్లో గింజలేరుకొని తిరిగిన కోడికీ, నేటి ఫారపు కోడికీ పోలిక లేదు. మన దేశంలో గుడ్లకోసం పెంచే కోళ్ళు ఎక్కువగా తీగల పంజరాలలోనే బ్రతుకుతాయి. ఒక్కొక్క దానికి దక్కే చోటు మనం వ్రాసుకొనే కాగితమంత కూడా ఉండదు. రెక్క చాచడానికైనా వీలులేదు. అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడితే, ఇది 300 దాకా పెడుతుంది. పెంకుకు కావలసిన సున్నం ఎముకలనుండి తరలిపోగా అవి పెళుసుబారుతాయి. గుడ్లు తగ్గగానే కోడిని మాంసానికి అమ్మివేస్తారు.

గుడ్డులో ప్రాణం లేదు కనుక హింస లేదని కొందరంటారు. మరి మగ కోడిపిల్లల మాటేమిటి? అవి గుడ్లు పెట్టవు. మాంసపు కోళ్ళవలె త్వరగా కండపట్టవు. అందుచేత హేచరీలలో వాటిని పుట్టిన రోజునే చంపివేయడం వాడుక. ఐరోపా సమాఖ్య 2012 నుండి ఇరుకు పంజరాలను నిషేధించింది గాని, దానితో ఈ చావు ఆగలేదు.

ఇది తెలిసి పాలు, గుడ్లు సహా జంతువులనుండి వచ్చే వాటినన్నింటినీ విడిచిపెట్టినవారు వీగన్లు. బడిలో మధ్యాహ్నపు గుడ్డుకోసం ఎదురుచూసే పేదబిడ్డను అడగవలసిన త్యాగం కాదిది. పప్పులు, వేరుశనగలు, సోయా కొనగలవారికి మాంసకృత్తుల కొరత ఉండదు; బి12 విటమిన్ను మాత్రం వారు విడిగా తీసుకోవాలి.