పాత లోగిళ్ల సామాను: ఎరిగి అమ్ముట, పరీక్షించి కొనుట



'ఎస్టేటు' అను మాట మనకు క్రొత్తది కాదు. 1802వ సంవత్సరపు శాశ్వత పైసలా తరువాత జమీందారీలకు ఆ పేరు స్థిరపడినది. పేష్కషు చెల్లింపని జమీందారుని యెస్టేటు వేలమునకు వచ్చుచుండెడిది. 1948వ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వమువారు చేసిన రద్దు చట్టముతో జమీందారీలు పోయినవి, మాట మిగిలినది. అమెరికా దేశమున నీ మాటకు అర్థము వేరు. గతించిన మనుష్యుడు విడిచిపోయిన సర్వస్వమును, యిల్లు మొదలుకొని వంటయింటి గరిటె వరకు, ఎస్టేటనియే అందురు. ఆ సామాను నంతటిని ఆ యింటిలోనే యుంచి, తలుపులు తెరచి, వచ్చినవారికి అమ్ముటను ఎస్టేటు సేలు అందురు.

అది జరుగు విధ మెట్టిదనగా: ఇంటి పెద్ద గతించినను, వార్ధక్యముచే చిన్నయింటికి మారినను, వారసులు ఈ పనియందు ఆరితేరిన వారిని పిలిపింతురు. వారు ప్రతి వస్తువునకు ధర చీటి కట్టి, ముందుగా ప్రకటన చేసి, రెండు మూడు దినములు అమ్మకము నడపి, వచ్చిన సొమ్ములో తమ భాగము తీసికొందురు. మొదటి దినము తెల్లవారకముందే జనులు వరుసగా నిలిచి అంకెల చీటీలు పుచ్చుకొందురు. మొదటి దినమున ధర చీటిపై నున్నదే ధర. కడపటి దినమున మిగిలినవి తరచుగా సగము ధరకే పోవును. అపూర్వవస్తువు కావలసినవాడు మొదటి దినమునను, చౌక కావలసినవాడు కడపటి దినమునను పోవుట అచ్చటి అనుభవజ్ఞుల పద్ధతి.

ఆ యిండ్లలో స్త్రీలు మిక్కిలి మక్కువతో వెదకు వస్తువు చేతిసంచి. ఆ దేశమున నున్న మన పిల్లలు కొందరు అట్టి సంచులను కొని తెచ్చి, వాని ధర చెప్పినప్పుడు, ఎవరో వాడి విడిచిన సంచికి ఇంత ధనమా యని మనము విస్తుపోవుదుము. ఆ ధరకు కారణ మున్నది.

పారిసు నగరమున 1837వ సంవత్సరమున స్థాపింపబడిన ఎర్మేస్ వారు మొదట గుఱ్ఱపు సాజు కుట్టినవారు. 1854లో వెలసిన లూయీ విట్టన్ వారు ప్రయాణపు పెట్టెలు చేసినవారు. షనెల్ అను నామె 1955 ఫిబ్రవరిలో గొలుసుతో భుజమునకు తగిలించుకొను సంచిని వెలువరించినది. 1984లో ఎర్మేస్ వారు జేన్ బిర్కిన్ అను నటి పేర నొక సంచిని చేసిరి. ఆమెకై చేసిన ఆ మొదటి సంచియే, గీతలు పడి వాడుకచే మాసినదయ్యును, 2025 జులై 10వ తేదీన పారిసు వేలములో 86 లక్షల యూరోలకు, అనగా మన రూకలలో ఎనుబది కోట్లకు పైబడి, అమ్ముడుపోయెను. అది సంచి వెల కాదు, దాని చరిత్రకు వెల. సామాన్యమైన బిర్కిన్ సంచియు దుకాణమున అడిగిన వెంటనే దొరకదు. అందుచేత ఒకరు వాడినదానికి కూడ గిరాకి తగ్గదు.

పనితనమునందును భేద మున్నది. ఎర్మేస్ పనివారు ఒకే దారమునకు ఇరుకొనల రెండు సూదులు తొడిగి, ఒకే రంధ్రమున ఇరువైపులనుండి దూర్చి కుట్టుదురు. ఒక కుట్టు తెగినను ప్రక్క కుట్లు వదులుగావు. యంత్రపు కుట్టు ఒకచోట తెగిన, లాగినకొలది వరుసగా విడివడును. జట్కాలకు జీనులు కుట్టిన మన పనివారికి ఈ మర్మము తెలియనిది కాదు.

ఇక పరీక్ష. నకళ్లు లోకమున విస్తారముగా నున్నవి గావున, పేరు చూచి కొనరాదు. మొదట కుట్లు సమదూరముగ నున్నవా యని చూడవలెను. పిమ్మట కట్లను, గొళ్లెములను చేత తూచి చూడవలెను. మేలైన సంచికి అవి బరువుగా నుండును. పూత లేచిపోయి క్రింద తెల్లని తేలిక లోహము కనబడిన అనుమానింపవలెను. మూడవది, వయస్సుకు తగిన గుర్తులు. లూయీ విట్టన్ సంచులలో పెక్కింటికి ఒడలు తోలు గాదు, పూత పూసిన గుడ్డ. అంచులును పిడులును మాత్రమే తోలు. ఆ తోలు ఎండకును చేతి చెమటకును క్రమముగా తేనెవన్నె తిరుగును. నలువదియేండ్లు వాడిన సంచి యని చెప్పి, పిడి మాత్రము పాలవలె తెల్లగా నున్నచో, పిడి యైన మార్చినది కావలెను, మాట యైన అబద్ధము కావలెను. నాలుగవది, లోపలి గుర్తులు. ఆ సంచులలో 1980 ప్రాంతమునుండి అంకెల గుర్తు నొత్తుచుండిరి. 2021 నుండి దానికి మారుగా కంటికి కనబడని చిన్న విద్యుత్ పరికరము నమర్చుచున్నారు. అయినను అంకె యొక్కటియే సాక్ష్యము గాదు. సంచిని అనుకరించువానికి అంకెను అనుకరించుట కష్టమా? కుట్టు, లోహము, తోలు, అంకె, అమ్మువాని మాట, ఈ యైదును ఒకే కథ చెప్పవలెను.

మరియొక హెచ్చరిక. మొసలి తోలు, కొండచిలువ తోలు సంచులు కొన్ని యుండును. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అట్టివాని క్రయవిక్రయములు నిషిద్ధములు. ఏనుగు దంతపు వస్తువులును అంతియే. తగిన అనుమతి పత్రము లేక అట్టివానిని దేశములు దాటించుటయు నేరమే. కావున సముద్రము దాటి వచ్చు పిల్లలకు ఈ మాట ముందుగనే చెప్పుడు.

ఇంతవరకు చెప్పినది పరదేశపు ముచ్చట. ఇట్టి అమ్మకము మన వీధులలోను జరుగుచున్నది. దానికి పేరు లేదు, అంతే.

కాటనుదొరగారి ఆధ్వర్యమున ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట ఈ సీమకు వరి పంట వచ్చెను. పంటతో ధనము, ధనముతో మండువా లోగిళ్లు వచ్చెను. బర్మా టేకు స్తంభములు, చెక్కడపు ద్వారబంధములు, పందిరిమంచములు, భోషాణములు, గంగాళములు, కంచు పళ్లెములు ఆ యిండ్లను నింపెను. నేడా యిండ్ల వారసులు కొందరు హైదరాబాదునను, కొందరు విదేశములందును ఉన్నారు. పెద్దలు గతించిన పిమ్మట నెలలోపల యిల్లు ఖాళీ చేయవలసి వచ్చును. అప్పుడు పాతసామాను వర్తకుడు తక్కెడతో వచ్చును. అతని కన్నులకు గంగాళము ఇత్తడి, చీర వెండి, ద్వారబంధము కలప. మన కన్నులకు అవి యేమి? ఆ ప్రశ్న వేసికొనుటకు ముందే బండి కదలిపోవును.

నేనును ఆ తప్పు చేసినవాడనే. మా తల్లిగారు గతించిన పిమ్మట భోషాణము తెరచి, ఆమె పెండ్లిపట్టుచీరను, మడతలలో చినిగినదని, వీధిన వచ్చిన జరీ కొనువానికి ఇచ్చితిని. అతడు తూచి ఇచ్చిన సొమ్ము నాకు ఘనముగనే తోచెను. దానిని కాల్చి వెండి దీయుదుమని అతడే చెప్పెను. నేను తల యూచితిని. సంక్రాంతికి మా చెల్లెలు వచ్చి, "అన్నయ్యా, అమ్మ పెండ్లిచీర ఏది? పిల్ల పెండ్లికి చెంగైన మీద వేయవలెనని యున్నది" అని యడిగెను. నలువది సంవత్సరములు పిల్లల ప్రశ్నలకు సమాధానములు చెప్పిన నాకు ఆ నాడు సమాధానము దొరకలేదు. చీర నాది కాదు, మా యిరువురిది. నేను ఆమె నడుగలేదు. అందుచేతనే నేడు ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

జరీని పరీక్షించుట సులభము. అసలు జరీలో పట్టుదారముపై వెండిరేకు చుట్టి బంగారు పూత పూయుదురు. అంచున ఒక పోగును గోటితో గీచిన, లోపల ఎఱ్ఱని పట్టుదారము కనబడును. రాగిరేకును నూలుపై చుట్టినది నకలు జరీ. కాల్చినప్పుడు కరగి ముద్దయగునది ప్లాస్టికు. అసలు జరీ గల చీరను వెండి తూకమునకు అమ్ముట, తాళపత్రమును వంటచెఱకుగా అమ్ముట వంటిది. చీర చినిగినను అంచును, చెంగును విప్పి క్రొత్త బట్టకు కుట్టించుకొనవచ్చును.

కంచు పళ్లెమును వ్రేలితో మీటినచో నాదము చిరకాలము సాగును. ఇత్తడి నాదము పొట్టిది. కంచులో రాగితోడ తగరము చేరియుండును గావున దాని వెల యెక్కువ. నాదము చిట్లినట్లు వినబడిన, కంటికి కనబడని బీట యున్నదని యెరుగవలెను. చింతపండుతో తోమి మెరయించిన పాత్రకంటె అడుగున పాతబడిన వన్నెయు, పేరు చెక్కిన అక్షరములును గల పాత్రయే చరిత్ర చెప్పును.

సంచుల మాటకు మరల వచ్చెదను. మన పెట్టెల అడుగున తాంబూలపు సంచులు, నరసాపురపు లేసు సంచులు దొరకవచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండు మిషనరీలు నరసాపుర ప్రాంతమున ఈ అల్లిక నేర్పిరి. అది మొదలు ఆ చుట్టుపట్ల స్త్రీలు కొక్కెపు సూదితో ఇంటియొద్దనే అల్లుచు, తమ అల్లిక సముద్రములు దాటి పోవుచున్నను స్వల్పపు కూలియే పొందిరి. వారి శ్రమను గూర్చి మరియా మీస్ అను జర్మను విదుషీమణి 1982లో ఒక గ్రంథమే ప్రకటించినది. 2024లో ఆ అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించినది. కొక్కెపు సూది అల్లికను యథాతథముగా చేయు యంత్రము లేదు. యంత్రపు లేసు చూపునకు పోలియుండునే గాని ముడి వేరు. కాబట్టి అట్టి సంచి యొకటి దొరికిన, ఒక తల్లి రెండు చేతులు దానిలో నున్నవని నిశ్చయముగా చెప్పవచ్చును. పారిసు సంచికి వెల కట్టునది చేతిపనియే యైనచో, ఈ సంచిని ప్రాతగుడ్డలలో చేర్చుట న్యాయమా?

చట్టము మాట యొకటి. 1972 నాటి పురావస్తు చట్టము 1976 ఏప్రిల్ 5వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. నూరు సంవత్సరములు నిండిన విగ్రహములు, కళావస్తువులు మొదలగునవియు, డెబ్బదియైదేండ్లు నిండిన విలువగల వ్రాతప్రతులును పురావస్తువులు. వానిని ప్రైవేటువారు విదేశములకు పంపరాదు. వ్యాపారముగా అమ్మువానికి లైసెన్సు ఉండవలెను. విగ్రహములు మొదలగు కొన్ని తరగతులను రిజిస్టరు చేయింపవలెను. కావున మనుమడు ముచ్చటపడినాడని తాతలనాటి పంచలోహ విగ్రహమును విమానమెక్కింపకుడు. తాళపత్రములు దొరికిన, రాజమహేంద్రవరమున గౌతమీ గ్రంథాలయము వంటి చోట్ల చూపింపవలెను.

మన ధర్మశాస్త్రకారులు ఈ విషయమును విడిచిపెట్టలేదు. మనువు పదునెనిమిది వివాదపదములలో 'అస్వామివిక్రయము'ను, అనగా తనది కాని వస్తువును అమ్ముటను, చేర్చినాడు. కొన్నవానికిగాని అమ్మినవానికిగాని పశ్చాత్తాపము కలిగినచో పదిదినములలోపల వస్తువును మరల్చుకొనవచ్చునని చెప్పినాడు. యాజ్ఞవల్క్యుడు ఇంకను సూక్ష్మముగా పలికినాడు: ఆ వస్తువు కలిగియుండుటకు తగనివానియొద్ద, రహస్యముగా, మిక్కిలి తక్కువ వెలకు, వేళగాని వేళ కొన్నవాడు దొంగతో సమానుడు. పగలు, పదుగురి యెదుట, చీటి మీది ధర యిచ్చి కొన్నవానికి ఈ దోష మంటదు. అయినను, భర్త పోయిన దుఃఖములో నున్న యిల్లాలు వెలయెరుగక పది రూపాయలకు ఇచ్చు వస్తువు పదివేలు చేయునని తెలిసియు నోరు మెదపక కొన్నవాడు శాస్త్రమునుండి తప్పించుకొన్నను, తన మనస్సునుండి తప్పించుకొనలేడు.

కావున అమ్ముటకు ముందు చేయవలసినవి ఇవి. వారసులందరికి కబురు చేసి, ఒక జాబితా వ్రాయవలెను. ఎవరికేది కావలెనో ముందు వారికి విడిచి, మిగిలినదే బయటివారికి చూపవలెను. ప్రతి సంచిని, ప్రతి మడతను, ప్రతి సొరుగును విప్పి చూడవలెను. పత్రములు, నాణెములు, ఉత్తరములు అచ్చటనే యుండును. ఒక్కనికే గాక ఇద్దరు వర్తకులకు చూపవలెను. తూకముచే అమ్మదగినదేదో, పనితనముచే అమ్మదగినదేదో వేరుపరుపవలెను. వ్రాతమూలముగా రసీదు పుచ్చుకొనవలెను. కొనువారు వస్తువెక్కడిదని యడుగుటకు సంకోచింపరాదు. న్యాయముగా అమ్మువాడు చెప్పుటకు సంకోచింపడు.

అన్నిటిని దాచుకొనుట సాధ్యము గాదు. ఇల్లు ఖాళీ యగుట లోకధర్మము. కాని పోవుచున్నదేమో యెరిగి పోనిచ్చుట మన ధర్మము. ఈ రాత్రి మీ యింటి భోషాణమును తెరచి, లోపల నున్నవి ఎవరివో, ఎప్పటివో పిల్లలను కూర్చుండబెట్టి చెప్పుడు. వీలైన ఒక చీటి వ్రాసి మడతలో నుంచుడు. రేపు తక్కెడ వచ్చినప్పుడు ఆ చీటియే మీ పక్షమున మాటాడును.